ఇంట్ల ఎవరన్న ఉన్నరా?

మొన్న బుధవారం పొద్దున నేను వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే ఒక మనిషి వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు. చంకలో తువ్వాలతో కట్టిన చిన్న మూట. బస్సులు మారి వచ్చిన దుమ్ము చొక్కా మీద అట్లాగే ఉంది.

"కంప్యూటర్ల దుకాణం ఇదేనా అక్కా?"

"ఉండె. ఎత్తేసిండ్రు. గిప్పుడు అండ్ల ఫోన్ల బూతు నడుస్తుంది. ఎవరు గావాలె?"

అతను ముఖం ఎత్తాడు. అదే పొడుగు ముక్కు, అవే లోపలికి పోయిన దవడలు. ఎవరి తమ్ముడో అడగాల్సిన పని లేకపోయింది.

"అన్న పోయిండు," అన్నాడు.

లోపలికి రమ్మన్నాను, రాలేదు. చెంబుతో నీళ్లిచ్చాను. ఎండన పడి వచ్చినవాడు చెంబు వంక చూసి గుటక మింగాడు గాని తాగలేదు. మూటను అరుగు చివర పెట్టి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"నువ్వే విప్పుకో అక్కా. నేను విప్ప."

ఆ తర్వాత అతను చెప్పిన మాటలు చివర రాస్తాను. ముందు పోయినవాడి గురించి రాయాలి. నాకు అక్షరాలు తల నెరిసే వేళకు వచ్చాయి. రాయడం తక్కువ. ఉన్న అక్షరాల్లో సగం అతను దిద్దించినవే, అందుకే అతని మీదే ఖర్చు పెడుతున్నాను.

మా ఆయన బొగ్గుబాయిలో పైకప్పు కింద దిమ్మెలు నిలిపే పని చేసేవాడు. పని నుంచి దిగాక ఇంటి ముందు ఒక గది వేశాం. కరీంనగర్ వైపు భూములున్న ఇంటి పిల్లవాడొకడు దాన్ని కిరాయికి తీసుకుని కంప్యూటర్లు పెట్టాడు. బెల్లంపల్లిలో అప్పటికి కంప్యూటరంటే పెళ్లికార్డులు కొట్టే డబ్బా అనే మా లెక్క. ఆ పిల్లవాడికి ఓనరు అనిపించుకోవడం తప్ప పని రాదు. అందుకని పని తెలిసిన ఇతన్ని, ఇప్పుడు పోయినవాణ్ని, తెచ్చాడు. ఇచ్చోడ అవతల గుట్టల్లో ఊరు, పని నేర్చింది నాగపూర్‌లో.

అందగాడు కాడు. భుజాలు ముందుకు వంగి ఉండేవి. అందరూ కలం పెట్టుకునే జేబులో అతను స్క్రూడ్రైవర్ పెట్టుకునేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, పూర్తిగా చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, చల్లారాక తాగేవాడు. అంత చల్లటి చాయ్ తాగే మనిషిని నేను మళ్లీ చూడలేదు. డబ్బా మొరాయిస్తే తిట్టేవాడు కాదు. "తాంబా, తాంబా" అని మరాఠీలో బతిమాలేవాడు, జర ఆగు అని పసిపిల్లకు చెప్పినట్టు.

బస్తీలో అతనికి కడుగుడాయన అని పేరు పడింది. మంచిర్యాల నుంచి, ఆసిఫాబాద్ నుంచి కంప్యూటర్లను దుప్పట్లలో చుట్టి, స్కూటర్ల మీద ఒడిలో పెట్టుకుని తెచ్చేవాళ్లు. అతను మూత విప్పి, కాసేపు ఆడించి చూసి, "నిండిపోయింది సార్, కడగాలె" అనేవాడు. మిగతావాళ్లంతా ఫార్మాట్ కొట్టుడు అంటారు. అతను ఆ మాట అనగా నేను వినలేదు.

"కడుగుడంటే ఏందిరా?" అని ఒకసారి అడిగాను.

"ఇల్లు నిండ సామాను పడ్డదనుకో అక్కా. కాలు వెట్ట సందు లేదు. పురుగు వట్టింది. ఏ మూల వట్టిందో ఎరుక లేదు. అప్పుడేం జేస్తం? ఇల్లు మొత్తం కూలగొట్టి, జాగ సాపు జేసి, మల్ల పునాదికెల్లి కడుతం. గంతే."

"మరి సామాను?"

"పోతది."

"లోపల మనుషులుంటే?"

నేను నవ్వులాటకే అన్నాను. అతను నవ్వలేదు.

"గందుకే అడుగుత," అన్నాడు.

నిజంగానే అడిగేవాడు. కడగబోయే ముందు డబ్బా తెచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు కసురుకునేవాళ్లు. ఒక ఆఫీసు సారు గడియారం చూసుకుంటూ ఎగిరిపడ్డాడు.

"ఇల్లేందయ్యా? ఇది డబ్బా! కొట్టరాదు జల్ది!"

"మీరు అనాలె సార్."

"ఏమనాలె?"

"ఎవ్వరు లేరని."

"ఎవ్వరు లేరయ్యా! మీ తాత లేడు, మా తాత లేడు. ఇగ సాలా?"

"సాలు సార్."

అప్పుడు మీట నొక్కేవాడు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న ఉండేది, దాని చివర పంగలకర్ర లాంటి వై అక్షరం ఒకటి. ఇంగ్లీషులో నేను మొదట గుర్తుపట్టిన అక్షరం అదే. పంగలకర్ర నొక్కితే ఇల్లు కూలుతుంది. నొక్కిన వెంటనే అతను అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, అరుగు మీద గదికి వీపు పెట్టి కూర్చునేవాడు. లోపల అంకెలు పెరుగుతుంటే వెనక్కి తిరిగేవాడు కాదు, ఎవరినీ తిరగనిచ్చేవాడు కాదు. అయిపోయాక లోపలికి పోయి, ఊదుబత్తి వెలిగించి, డబ్బా నెత్తిన పసుపు బొట్టు పెట్టి, అప్పుడు కొత్తగా విండోస్ ఎక్కించేవాడు.

నా పలక మీద కూడా అదే చాదస్తం. నేను అప్పుడే పెద్దవాళ్ల బడికి పోతున్నాను. రాసింది బాగాలేదని తడిగుడ్డ తీస్తే చెయ్యి పట్టుకునేవాడు. "చెరిపేముందు ఒక్కసారి సదువక్కా. ఏం చెరుపుతున్నవో నీకెరుకుండాలె." చదివించిగాని చెరపనిచ్చేవాడు కాదు.

ఆ అరుగు మీదే ఒక మధ్యాహ్నం, వెనక గదిలో అంకెలు నడుస్తుండగా, వాళ్ల బాపమ్మ సంగతి చెప్పాడు.

ఊరికి వరసగా చావులొచ్చినా, గొడ్లు పడిపోయినా మా దిక్కు కీడుకు పోతారు. పొయ్యిలు ఆర్పి, తలుపులు మూసి, పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరూ తెల్లవారకముందే పొలిమేర దాటాలి. చెట్ల కింద వండుకు తిని, పొద్దుగూకాక తిరిగి రావాలి. ఖాళీ ఊళ్లో కీడు తిరిగి తిరిగి, ఎవరూ దొరక్క పోతుందని నమ్మకం. బయలుదేరే ముందు డప్పు కొట్టే మనిషి ఇంటింటి ముందు నిలబడి "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అని అరుస్తాడు.

అతను చిన్నగా ఉన్నప్పుడు వాళ్ల ఊరు అట్లా పోయింది. ఇంటికి రెండు బండ్లు. బాపమ్మ పెదనాన్న బండిలో ఉందని వీళ్లు, వీళ్ల బండిలో ఉందని వాళ్లు. చూపు లేని ముసలమ్మ వెనక కొట్టంలో మంచం మీద నిద్రపోతోంది. డప్పు ఆమెకు వినపడలేదు.

"పొద్దుగూకంగ వచ్చినమక్కా. నడిబజార్ల కూసున్నది. మమ్ముల జూసి ఏమన్నదో తెలుసా? 'ఏడికి వోయిండ్రు బిడ్డా? మిట్టమధ్యాహ్నం ఎవలో వచ్చిండ్రు. అన్ని తలుపులు కొట్టిండ్రు. ఇంట్ల ఎవరన్న ఉన్నరా అని అడిగిండ్రు.' మా బాపు బండి దిగి ఉరికిండు. నువ్వేమన్నవే అవ్వా అని అడిగిండు. 'ఉన్న అన్న. ఉంటే ఉన్న అనకపోతె ఏమంటర్రా?' అన్నది."

"తర్వాత?"

"తర్వాత ఆమె చేతి నీళ్లు ఎవ్వరు తాగలే. మా అమ్మ సుత తాగలే. వానలు వడకముందే పోయింది."

లోపల డబ్బా గురగురమని ఆగింది. అతను లేవలేదు. చల్లారిన చాయ్ సాసర్ పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

మా ఆయనకు ఈ భయాలేవీ లేవు. అతన్ని బామ్మర్ది అని పిలిచి ఆటపట్టించేవాడు. అతనికి ఒక అలవాటు ఉండేది. డబ్బా మూత విప్పి, లోపల అన్నీ దాచిపెట్టే హార్డ్ డిస్కు అనే ఇనుప ముక్కను వేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవాడు. మా ఆయన అది చూసి పడీ పడీ నవ్వాడు.

"గట్ల గాదు బామ్మర్ది. కొట్టుడు ఎవడన్న కొడుతడు. కొట్టినంక ఊపిరి బిగవట్టి ఇనాలె. బాయిల కప్పును మేమట్లనే జూస్తం. గట్టిగ పలికిందనుకో, కిందనే కూసొని సద్ది తినొచ్చు. డొల్ల పలికిందనుకో, సామాను సుత ఇడిసిపెట్టి బయటికి నడువాలె. ఇంకోపారి కొట్టి సూద్దమన్నోడు బయటికి రాడు."

"నువ్వెప్పుడన్న ఇంకోపారి కొట్టినవా బావా?"

"కొడితె నీకు చాయ్ ఎవడు పోయించెటోడురా?"

ఒక రోజు ఓనరు మాటలు పట్టే మైకు తెచ్చాడు. పని చేస్తుందో లేదో చూద్దామని అతను మా ఆయన్ని కూర్చోబెట్టి, "ఏదన్న మాట్లాడు బావా" అన్నాడు. ఈయనకు ఏమీ తోచలేదు. గొంతు సవరించుకుని అతన్నే వెక్కిరించాడు. "ఏయ్, ఇంట్ల ఎవరన్న ఉన్నరా? చాయ్ తెస్తవా, నన్నే రమ్మంటవా?" తర్వాత తన నవ్వు, ఆ నవ్వు మీద దగ్గు. అంతే. డబ్బాలో మళ్లీ వినిపిస్తే మేం ముగ్గురం నవ్వాం. అతను మాత్రం ముందు నవ్వి, తర్వాత ఆపాడు. "గా మాట ఎందుకన్నవు బావా," అన్నాడు.

ఆ వానాకాలం దాటకుండానే మా ఆయన పోయాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో నిండిన మనిషి, ఎవరి కీడూ అక్కరలేదు పోవడానికి.

ఆయన ఫోటో ఒకటి ఉంది, పెళ్లిలో దిగింది. అది ఆయన కాదు, ఎవరో భయపడిన పిల్లగాడు. ఆయన గొంతు మాత్రం ముందు గదిలో ఉంది. తెర మీద ఏ బొమ్మ నొక్కాలో కడుగుడాయనే చూపించాడు. గది ఊడ్వడానికి పోయినప్పుడు నొక్కి వినేదాన్ని. నేను చీపురు పట్టుకుని వస్తే అతను ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాడు. ఎప్పుడూ ఓదార్చలేదు. అదే నాకు నచ్చింది.

మరుసటి ఎండాకాలానికి ఆ డబ్బా నిండింది, పురుగూ పట్టింది. పొద్దున ఒకటి నొక్కితే మధ్యాహ్నం పలికేది. లోపల గీకుతున్న చప్పుడు. అతను తట్టి చూసి మూత బిగించేశాడు.

ఆ రోజు నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. గోడ అవతల నుంచి ఆయన గొంతు గట్టిగా వచ్చింది. "ఏయ్, ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

ఇన్నేళ్ల అలవాటు. చేతిలో గిన్నె చేతిలోనే ఉంది. "ఉన్న, వస్తున్న," అన్నాను.

"ఉన్నరా... ఉన్నరా... ఉన్నరా..."

చాయ్ మాట దాకా పోనే లేదు. నవ్వు రాలేదు, దగ్గు రాలేదు. అదొక్క మాటే, అదే గొంతుతో, ఊపిరి తీసుకోకుండా. నేను గదిలోకి వెళ్లేసరికి అతను డబ్బాకు దూరంగా గోడకు ఆనుకుని రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"నేను ముట్టలే అక్కా. అదే మాట్లాడుతుంది."

ఎప్పుడో నొక్కింది ఇప్పుడు పలికి ఉంటుందని నేను ఇప్పటికీ అనుకుంటాను. అతనే ఒక్క ఉరుకున పోయి తీగ పీకాడు.

"నువ్వు పలికినవా?"

"పలికిన."

"ఏమని?"

"ఉన్న అని. ఉంటే ఉన్న అనకపోతే ఏమంటర్రా?"

అన్నాకగాని ఆ మాట ఎవరిదో నాకు తట్టలేదు. అతను పీకిన తీగను చేతికి చుట్టుకుంటూ గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

సాయంత్రానికి ఓనరు దిగాడు. కొత్తగా నేర్చుకునే పిల్లలు వస్తున్నారు, డబ్బా కడిగెయ్యి అన్నాడు. ఆ గొంతు ఒక్కటి ఫ్లాపీలోకి తీయమని నేనన్నాను. అతను ప్రయత్నించాడు. సగం దాకా పోయి ఆగిపోయేది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే.

"కడగాలె అక్కా," అన్నాడు నా ముఖం చూడకుండా. తర్వాత లేచి నాకు ఎదురుగా నిలబడి అడిగాడు. "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నడు. మీ బావ ఉన్నడు. నీకెరుక లేదా?"

ఓనరు నవ్వబోయి ఊరుకున్నాడు. "ఓ పెద్దమ్మా, నీకు దండం వెడుత. నా దందా ఆగింది. ఈయన కొట్టకుంటే రేపు మంచిర్యాలకెల్లి ఇంకోన్ని తోలుకొస్త. వాడు నిన్ను అడగను సుత అడగడు."

కడుగుడాయన నన్ను అరుగు మీదికి తీసుకొచ్చాడు.

"నువ్వు లేరంటేనే నేను కడుగుత. అది కడిగితేనే నువ్వు మిగులుతవు."

"పోతె పోత. నా ఈడుకు నీకేం ఫికరురా?"

"మా బాపమ్మకు చెప్పెటోడు లేకుండె. నీకు నేనున్న."

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నన్ను మా ఆయన దగ్గరికి పోనీయకూడదని ఒక మనిషి అంత గట్టిగా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రేపు వచ్చేవాడు అడగకుండా చెరిపేకన్నా, అడిగినవాడి చేత చెరిపించడమే మేలనిపించింది. లోపలికి పోయి డబ్బా ముందు నిలబడ్డాను.

"ఎవ్వరు లేరు," అన్నాను.

అతను మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు. నేను అరుగు మీద గదికి వీపు పెట్టి కూర్చున్నాను. పక్కన అతని చోటు ఖాళీగా ఉంది. ఆ రోజు ఒక్కరోజే అతను బయటికి రాలేదు. లోపల స్క్రూడ్రైవర్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కడగడానికి స్క్రూడ్రైవర్ ఎందుకని నాకు అప్పుడు తట్టలేదు.

తలుపు తీసేసరికి ఊదుబత్తి వాసన. తెర మీద నీలం ఆకాశం, తెల్ల మబ్బులు, కొత్త ఇల్లు. నేను నొక్కే బొమ్మ లేదు. అతను చేతిసంచి భుజానికి తగిలించుకున్నాడు. సాసర్లో పోసిన చాయ్ అట్లాగే వదిలేసి, "ఊరికి వోయొస్త అక్కా," అని పోయాడు. మళ్లీ రాలేదు. ఓనరు కొన్నాళ్లు తిట్టి, ఇంకెవరినో పెట్టి, చివరికి దుకాణమే ఎత్తేశాడు.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన మాటలు.

"ఊరికొచ్చిన కాడికెల్లి గిది తలాపునే పెట్టుకునేటోడు. డబ్బ లేదు, కరెంటు లేదు. పొద్దుగూకినంక చెవికి ఆనించుకునేటోడు. ఏమన్న ఇనవడుతదా అన్నా అంటే, అడుగుతుండు అనేటోడు. ఏమడుగుతుండంటే చెప్పకపోయేటోడు. 'ఉన్న బావా, నేనున్న' అంటుండె, గంతే. జరం లేదు, నొప్పి లేదు. దసరా ఎల్లినంక ఒకనాడు పొద్దుగాల లేవలే."

"మరి నాకెందుకు తెచ్చినవు?"

అతను చెప్పులు తొడుక్కుంటూ నేల చూశాడు. "రేపు బేస్తారం ఊరంత కీడుకు వోతున్నం. గిది ఇంట్ల ఇడిసిపెడితె లోపల మనిషున్నట్టే. ఎంట తీస్కవోతె కీడు ఎంటొచ్చినట్టే. యాడికెల్లి వచ్చిందో ఆడనే ఇచ్చి రమ్మన్నరు పెద్దమనుషులు. ఏమనుకోకక్కా."

నీళ్ల చెంబు అట్లాగే ఉంది. అతను ఎందుకు తాగలేదో అప్పుడు తెలిసింది.

అతను పోయాక మూట విప్పాను. నా పలకలో సగం కూడా లేని ఇనుప ముక్క, అంచున మాసిన పసుపు బొట్టు. కడిగానని చెప్పి, తన దగ్గరున్న వేరే డిస్కు డబ్బాలో బిగించి, దీన్ని సంచిలో వేసుకుపోయాడన్నమాట. నాకొచ్చిన పిలుపుకు ఇన్నాళ్లూ తను పలికాడన్నమాట. అడక్కుండా ఏదీ చెరపనివాడు, నన్ను అడక్కుండా ఆ పని చేశాడు. ఎదురుగా ఉంటే తిట్టేదాన్ని.

ఫోన్ల బూతు పిల్లవాడు తొంగి చూసి, "మంచిర్యాలల ఏదన్న డబ్బల వెట్టి సూపిత్తమా పెద్దమ్మా, పలుకుతదేమో," అన్నాడు. వద్దన్నాను. దాన్ని లోపలికి తెచ్చి, మా ఆయన కూర్చునే చోట కూర్చుని, ఒళ్లో పెట్టుకున్నాను. వేలి కణుపుతో తట్టాను. ఊపిరి బిగబట్టి విన్నాను.

డొల్లగానే పలికింది.

బయటికి నడవాలని తెలుసు. నేను ఇంకోసారి కొట్టాను.